మంట గోలీ ఎప్పుడు వేసుకుంటున్నావన్నా?

దుబాయ్‌లో నేను పనిచేసే క్లినిక్‌కు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు అన్నలు చాలామంది వస్తారు. కట్టడం పని, క్లీనింగ్ పని చేసేవాళ్లు. వాళ్ల నోట తరచుగా వినే మాట: "అక్కా, పాన్ ఫార్టీ రోజూ ఏసుకుంటున్న, ఛాతిల మంట తగ్గుతలేదు." ఎప్పుడు వేసుకుంటున్నావన్నా అని అడిగితే, "తిన్నంక, పండేటప్పుడు" అంటారు.

వరంగల్‌లో నర్సింగ్ చదువుతున్న చెల్లెళ్లూ, జవాబు అక్కడే ఉంది. పాన్ ఫార్టీ అంటే పాంటోప్రజోల్. అదీ, ఒమిప్రజోల్ కడుపులో యాసిడ్ వదిలే పంపులను ఆపుతాయి. తినడం మొదలైనప్పుడే ఆ పంపులు ఎక్కువగా పని మొదలుపెడతాయి, ఆపాటికి మందు రక్తంలో ఉండాలి. అందుకే తిండికి అరగంట నుంచి గంట ముందు వేసుకోమంటాం. గోలీని నలిపి ఇవ్వకూడదు, పైపూత పోతే కడుపులోని యాసిడ్‌కే మందు పాడవుతుంది.

కానీ కూలీలు ఉండే లేబర్ క్యాంపు బతుకు పుస్తకంలా ఉండదు. నాలుగింటికి లేచి ఒక టీ తాగి బస్సెక్కే మనిషికి అసలు తిండి ఎనిమిదికో తొమ్మిదికో. లేవగానే వేసుకున్న గోలీ అప్పటికి చాలావరకు రక్తంలోంచి పోతుంది. ఈ సంగతి నర్సు అడిగి రాస్తేనే డాక్టర్‌కు తెలుస్తుంది. మా డాక్టర్ అలాంటివాళ్లకు రాత్రి భోజనానికి ముందు వేసుకోమని మారుస్తారు. పది దాటాక వండుకుని, తిని, వెంటనే పడుకునేవాళ్లకు కనీసం రెండు మూడు గంటలు ఆగమని చెప్తాం. ఒక గదిలో అంతమంది ఉన్నచోట అది వాళ్లకు ఎంత కష్టమో తెలిసే చెప్తాం.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: నడుం నొప్పికి ఏం వాడుతున్నావు? డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కడుపు గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. ఆ గోలీలు ఆపకుండా మంటకు మాత్రమే మందిస్తే కడుపులో పడ్డ పుండు సరిగా మానదు. ఇవి చాలామందికి మందుల్లాగే అనిపించవు, పేరు పెట్టి అడిగితేనే చెప్తారు.

పుండుకు ఇంకో పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే కడుపులోని క్రిమి (బాక్టీరియా). దాన్ని కనిపెట్టిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. దీనికి యాంటీబయాటిక్స్‌తో పాటు యాసిడ్ తగ్గించే మందు, సాధారణంగా 14 రోజులు. మంట తగ్గిందని మధ్యలో మానేస్తే క్రిమి మిగిలిపోతుంది. బిస్మత్ అనే మందు ఉన్న కోర్సులో మలం నల్లబడుతుంది, భయం లేదు. అయితే తారులా జిగటగా, దుర్వాసనతో నల్లగా వస్తే అది రక్తస్రావం, వెంటనే చెప్పాలి. ఆ క్రిమిని పట్టే శ్వాస పరీక్షకు రెండు వారాల ముందు పాంటోప్రజోల్ ఆపకపోతే క్రిమి ఉన్నా లేనట్టు రావచ్చు.

పాత నోట్సుల్లో రానిటిడిన్ అనే యాసిడ్ తగ్గించే మందు కనిపిస్తుంది. క్యాన్సర్ తేగలదనుకునే ఎన్‌డీఎంఏ అనే మలినం వల్ల 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని మార్కెట్ నుంచి తీయించింది. ఆ వర్గంలో ఫామోటిడిన్ నేర్చుకోండి. పుండు మీద పూతలా పట్టే సుక్రాల్ఫేట్‌ను పరగడుపున ఇవ్వాలి. యాంటాసిడ్, ఐరన్ గోలీ కలిపి ఇవ్వకూడదు, రెండు గంటల ఎడం ఉండాలి.

ఇక ఛాతీలో మంట అంటూ చెమటలు పట్టి వచ్చినవాళ్లను గ్యాస్ అనుకుని బెంచీ మీద కూర్చోబెట్టవద్దు, అది గుండెపోటు కావచ్చు. దవడకో చేతికో నొప్పి పాకుతోందా అని అడగండి, పది నిమిషాల్లోపు ఈసీజీ తీయించండి. మందుల సంగతి ఆ తర్వాత.