గునుగు పూలూ సెమికోలనూ

పోయినేడు బతుకమ్మకు రెండు వారాలు సెలవు పెట్టుకొని డల్లాస్ నుంచి హనుమకొండ వచ్చాం. పాప ఆరో తరగతి. రోజుకో పేజీ రాసి ఆన్‌లైన్‌లో పెట్టాలని వాళ్ల టీచరు షరతు.

ఎంగిలిపూల నాడు మా అత్తమ్మ పూలన్నీ చాప మీద కుప్ప పోసుకొని కూచుంది. బతుకమ్మ ఎట్లా చేస్తావు నాయనమ్మా అని పాప అడిగితే ఒక్క ఊపిరిలో చెప్పింది: "గునుగు పూలు తెచ్చి, కాడలు ఒక్కతీరుగ కోసి, రంగుల ముంచి, ఆరబెట్టి, కట్టలు గట్టి, తంగేడు వరుస మీద పేర్చి, నెత్తిన పసుపు గౌరమ్మను పెడితె అయిపాయె బిడ్డా!"

పాప దాన్ని ఇంగ్లిషులో పెట్టింది: "గ్రాండ్‌మా కట్ ద స్టెమ్స్, షి డిప్డ్ దెమ్ ఇన్ కలర్, షి లెట్ దెమ్ డ్రై." తెల్లారేసరికి ఎర్రక్షరాలు: కామా స్ప్లైస్. సొంత కర్త, సొంత క్రియ ఉన్న పూర్తి వాక్యాలను ఉత్త కామాతో అతికించకూడదట.

అత్తమ్మ మాటలో కామాలు ఊపిరి కోసమే. ముడి 'తెచ్చి', 'కోసి'లోనే పడిపోయింది. అసమాపక క్రియలు ఎన్నున్నా చివర సమాపక క్రియ ఒక్కటే అని బడిలో మా తెలుగు సారు బోర్డు మీద గీతలు గీసి మరీ చూపించేవారు. ఇంగ్లిషులో ఆ పని ఎవరు చేస్తారో మాకెవరూ చెప్పలేదు. పూర్తి వాక్యాలను కలిపే సెమికోలన్‌ను (;) పదిహేనో శతాబ్దం చివర్లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు పుస్తకంలోకి తెచ్చాడు. నా దాకా రావడానికి ఐదొందల ఏళ్లు పట్టింది, అదీ సీ ప్రోగ్రామింగ్‌లో లైను చివర పెట్టడానికి.

పాప కామాలన్నీ తీసి సెమికోలన్లు పెట్టింది. తప్పు లేదు గానీ చదువుతుంటే ఎక్కిళ్లొచ్చినట్టుంది. మళ్లీ మళ్లీ వచ్చే 'షి' తీసేసి, చివరి పనికి ముందు ఒక్క 'అండ్' పెట్టమన్నాను. వాక్యం సాఫీగా సాగింది. ఇంకో చోట 'హవెవర్' ముందు కామా పెట్టింది. అది చూడ్డానికి 'బట్'కు అక్కలాగే ఉంటుంది కానీ రెండు వాక్యాలను కలపలేదు. దాని ముందు సెమికోలనో ఫుల్‌స్టాపో ఉండాల్సిందే.

"రంగు తడిగా ఉంది, నన్ను ముట్టుకోనియ్యలేదు" అన్న చోట మాత్రం 'సో' పెట్టుకుంది. కారణం అదే కాబట్టి సరిపోయింది.

సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర గుండంలో బతుకమ్మను వదిలాం. అందరూ సత్తుపిండి పంచుకుంటుంటే అత్తమ్మ మెట్ల మీదే నిలబడింది. ఆ రాత్రి పాప రాసింది: "బతుకమ్మ వెంట్ ఇంటూ ద వాటర్; గ్రాండ్‌మా స్టేడ్ ఆన్ ద స్టెప్స్."

"ఇక్కడ 'బట్' పెట్టరాదూ?" అన్నాను.

"ఏం పెట్టినా తప్పే అమ్మా. నాయనమ్మ ఎందుకు నిలబడిందో నాకు తెలీదు కదా."

ఎల్లుండి మా ఫ్లైట్. ఆ సెమికోలన్ అలాగే ఉంచాం.