ఈ మాట ఎవరిది?

థియాలజీ కాలేజీ మొదటి సంవత్సరంలో నేను రాసిన ఒక వ్యాసం కాగితాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. క్రీస్తు శరీరధారణ గురించి, అంటే దేవుడు మనిషిగా పుట్టడం గురించి, ఆరు పేజీలు. మూడో పేజీలో ఒక వాక్యం కింద పెన్సిల్‌తో సన్నటి గీత ఉంది. పక్కన మాకు పాఠం చెప్పే అయ్యగారి చేతిరాత: "ఈ మాట ఎవరిది?"

ఆ వాక్యం ఇది: "దేవుడు అనాదినుండి శరీరం లేకుండానే ఉన్నాడు గనుక, శరీరం ధరించడం ఆయనకు తగదని థామస్ అక్వినాస్ అన్నాడు." అక్వినాస్ పదమూడో శతాబ్దపు క్రైస్తవ వేదాంతి. లైబ్రరీలో కూర్చుని, ఆయన పెద్ద పుస్తకం 'సుమ్మా థియోలాజికా' నుంచి నా చేత్తో ఎత్తి రాసుకున్న మాట అది. పేజీ నంబరు కూడా వేశాను. అక్వినాస్ పుస్తకంలో ఉంది కాబట్టి అక్వినాస్ మాటే అనుకున్నాను.

క్లాసు అయ్యాక అయ్యగారు నన్ను ఆపి, అదే పుస్తకం తెప్పించి, అదే పేజీ తెరిచారు. "నాయనా, ఇంకో రెండు పేరాలు చదువు" అన్నారు. చదివాను. నాకు చెమట పట్టింది. నేను ఎత్తి రాసింది అక్వినాస్ ఖండించబోతున్న వాదన.

'సుమ్మా థియోలాజికా' మొత్తం ఆ పద్ధతిలోనే నడుస్తుంది. ముందు ఒక ప్రశ్న. వెంటనే, తన అభిప్రాయానికి ఎదురుగా ఉన్న వాదనలు, వీలైనంత బలంగా. ఆ తర్వాత "దీనికి విరుద్ధంగా" అంటూ లేఖనం నుంచో, పూర్వులనుంచో ఒక మాట. ఆపైన "నా సమాధానం ఏమిటంటే" అని తన మాట. చివర్లో మొదటి వాదనలు ఒక్కొక్కదానికీ జవాబు. ఎదుటివాడి వాదనకు పూర్వపక్షం, తన తీర్మానానికి సిద్ధాంతం అనే మాటలు మన భాషలో ఎప్పటినుంచో ఉన్నాయి. నేను పూర్వపక్షం దగ్గరే పుస్తకం మూసేశాను. ఇంతకీ అక్వినాస్ సమాధానం: మంచితనం స్వభావమే తన్ను తాను ఇతరులకు పంచుకోవడం, దేవుడు పరమ మంచివాడు గనుక సృష్టితో అత్యున్నతమైన రీతిలో తన్ను పంచుకోవడం ఆయనకు తగినదే. నేను రాసినదానికి పూర్తిగా ఎదురు.

అయ్యగారు మార్కులు తగ్గించారు, కానీ మందలించలేదు. "ఎదుటివాడి వాదనను ఇంత బాగా రాశాడంటే, ఆయనకు ఎదుటివాడి మీద ఎంత గౌరవం ఉండాలి?" అని మాత్రం అన్నారు. ఆ మాట నాలో చాలాకాలం ఉండిపోయింది. అప్పటిదాకా నేను చదివే తీరు వేరు. మనసుకు తగిలిన వాక్యం కింద గీత గీసుకోవడం, తగలనిదాన్ని దాటేయడం. భక్తి పుస్తకాలకు అది కొంతవరకు సరిపోయేదేమో. థియాలజీ దగ్గర ఆ అలవాటు నన్ను నిలువునా ముంచింది.

మన బ్యాచ్ వాళ్లకు రెండో సంవత్సరం త్రిత్వము క్లాసులు, అంటే తండ్రి, కుమారుడు, ఆత్మ ఒకే దేవుడన్న బోధ మీది క్లాసులు, గుర్తుండే ఉంటాయి. నాకైతే అవి తలనొప్పిగా మొదలయ్యాయి. ఊసియా, హుపోస్టాసిస్ అనే గ్రీకు మాటలు, సబ్‌స్టాన్షియా, పెర్సోనా అనే లాటిన్ మాటలు: దేవుని సారం ఒకటి, వ్యక్తులు ముగ్గురు అని చెప్పడానికి వాడినవి. పరీక్ష ముందు రోజు టెన్షన్‌తో బట్టీ పట్టి, తెల్లారాక మర్చిపోయేవాణ్ణి. అయ్యగారు ఒకరోజు బైబిల్లో హెబ్రీ పత్రిక అనే లేఖ తెరవమన్నారు. మొదటి అధ్యాయం మూడో వచనంలో కుమారుడు, అంటే క్రీస్తు, "ఆయన తత్వముయొక్క మూర్తిమంతము" అని ఉంది. పదకొండో అధ్యాయం మొదటి వచనంలో విశ్వాసం "నిరీక్షింపబడువాటియొక్క నిజస్వరూపము" అని ఉంది. ఇక్కడ 'తత్వము', అక్కడ 'నిజస్వరూపము'. గ్రీకులో రెండు చోట్లా ఒకే మాట, హుపోస్టాసిస్. ఒకే పత్రికలో ఒక మాట రెండు పనులు చేస్తుంటే, నాలుగో శతాబ్దంలో దానిమీద అంత గొడవ ఎందుకు జరిగిందో నాకు మొదటిసారి అర్థమైంది.

325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభ, కుమారుడు తండ్రితో ఏకసారముగలవాడని చెప్పింది. అరియస్ అనే పాదిరి పక్షం, కుమారుడు లేని కాలం ఒకటుండేదని అన్నదానికి అది జవాబు. ఆ సభ హుపోస్టాసిస్‌నూ, ఊసియానూ దాదాపు ఒకే అర్థంలో వాడింది. తరువాతి దశాబ్దాల్లో తూర్పున కొందరు దేవునిలో మూడు హుపోస్టాసిస్‌లు అనసాగారు. ఆ గ్రీకు మాటను విడదీసి లాటిన్‌లోకి మారిస్తే సబ్‌స్టాన్షియా అవుతుంది. దానికి సారమని అర్థం గనుక, లాటిన్ చెవులకు అది ముగ్గురు దేవుళ్లన్నట్టు వినపడింది. ఒకే హుపోస్టాసిస్ అన్నవాళ్లేమో, తండ్రీ కుమారుడూ ఒక్కరే అంటున్నట్టు అవతలివాళ్లకు వినపడింది.

362లో అలెగ్జాండ్రియాలో అక్కడి బిషప్పు అతనాసియస్ చేసిన పని నాకు సంఘ చరిత్ర అంతటిలో ఎంతో ఇష్టమైనది. అప్పటికే మూడుసార్లు ప్రవాసానికి వెళ్లొచ్చిన మనిషి. నైసియా మాట కోసం జీవితమంతా పోరాడినవాడు. ఆయన ఆధ్వర్యంలో జరిగిన సభ రెండు పక్షాలనూ అడిగింది: మూడు అంటున్నారు గదా, ముగ్గురు దేవుళ్లనా మీ ఉద్దేశం? కాదన్నారు. ఒకటి అంటున్నారు గదా, కుమారుడు, ఆత్మ నిజంగా లేరనా మీ ఉద్దేశం? కాదన్నారు. మాటలు వేరైనా విశ్వాసం ఒకటేనని సభ ఒప్పుకుంది. అరియస్ బోధ విషయంలో అతనాసియస్ ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గలేదు. ఆ గట్టిదనం, ఈ ఓపిక ఒకే మనిషిలో ఉండటం చూశాక నేను పుస్తకాలు చదివే వేగం తగ్గింది. బైబిల్లో మనిషి నీతిమంతుడయ్యేది దేనివలన అంటే, పౌలు విశ్వాసమువలననే అంటాడు, యాకోబు విశ్వాసమాత్రముననే కాదంటాడు. అక్కడ కూడా ముందు అడగాల్సింది, ఏ విశ్వాసం గురించి అని. యాకోబు మాట్లాడుతున్నది దయ్యములకు కూడా ఉన్న నమ్మకం గురించి.

మూడో సంవత్సరం సంగతులు ఎక్కువ రాయను. లూథర్, కాల్విన్, బార్త్ అనే వేదాంతుల పాఠాలన్నీ పరుగులో అయిపోయాయి. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. అగస్టీను 'ఒప్పుకోళ్లు', అన్సెల్ము 'ప్రొస్లోగియన్' చాలావరకు దేవునితో మాట్లాడుతూ రాసినవి. వాటిని మేము మౌనంగా చదువుతుంటే అయ్యగారు ఆపి, పైకి చదవమనేవారు. ప్రార్థనగా రాసినదాన్ని కేవలం వాదనగా చదివితే సగమే అందుతుందని ఆయన నమ్మకం. నేనూ అదే నమ్ముతున్నాను.

కాలేజీ వదిలాక ఆ పెన్సిల్ ప్రశ్న నన్ను బైబిలు దగ్గర కూడా పట్టుకుంది. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." యోబు 8:7. చిన్నప్పటినుంచి వాగ్దానంగా నాకు నోటికి వచ్చిన వచనం. ఎవరిదీ మాట? బిల్దదుది, కష్టాల్లో ఉన్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల్లో ఒకడిది. అదే అధ్యాయం నాలుగో వచనంలో, పదిమంది బిడ్డలను పోగొట్టుకున్న తండ్రి యోబుతో, నీ కుమారులు పాపం చేశారేమో, అందుకే దేవుడు వారిని దానికి అప్పగించాడేమో అన్నవాడు. పుస్తకం చివర్లో దేవుడు, ఈ స్నేహితులు నన్ను గూర్చి యుక్తమైనది పలుకలేదని కోపపడతాడు.

కొన్నేళ్ల క్రితం, కొడుకును పోగొట్టుకున్న ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. ఎవరో ఆదరణగా ఆ వచనమే ఎత్తుకున్నారు. చదువుతున్నవారి ఉద్దేశం మంచిదే. తండ్రి తల దించుకుని వింటున్నాడు. తర్వాత నన్ను వాక్యం చెప్పమన్నారు. నేను యోబు రెండో అధ్యాయం చివరి వచనాలు చదివాను. అదే స్నేహితులు, ఇంకా నోరు తెరవకముందు, ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితోకూడ నేల మీద కూర్చున్నారని, అతని బాధ చూసి ఒక్క మాటైనా పలకలేదని అక్కడ ఉంది. బైబిలు మూసి, వెళ్లి ఆ తండ్రి పక్కన నేల మీద కూర్చున్నాను.