సహజీవనం: ఒక మాట, నాలుగు కాపురాలు

విజయవాడలో టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేసి ‘సహజీవనం’ అన్నారంటే ఓనరు ఫోన్ పెట్టేస్తాడు. పెళ్లికాని జంట అనే అర్థం ఈ మాటకి ఈమధ్య గట్టిగా అతుక్కుంది. 2005 గృహహింస చట్టం మాత్రం ‘వివాహం వంటి సంబంధం’ అంటుంది. 2010లో సుప్రీంకోర్టు దానికి కొలతలు పెట్టింది: ఇద్దరికీ పెళ్లి వయసు రావాలి, వేరే పెళ్లి ఉండకూడదు, తగినంత కాలం కలిసుండి లోకానికి భార్యాభర్తల్లా కనబడాలి. వారాంతాలు కలిసి గడిపితే లెక్కలోకి రాదు.

1954లో భారత్, చైనాల పంచశీల ఒప్పందంలో ఇదే మాట దేశాల మధ్య శాంతియుత సహజీవనం. 1986లో ఫ్రాన్స్‌లో మిత్తెరాఁ అధ్యక్షుడు, ప్రత్యర్థి షిరాక్ ప్రధాని. దాన్నీ అక్కడ సహజీవనమే అన్నారు. (మనవాళ్లయితే సవతుల కాపురం అనేవారు.)

అసలు అందం గుంటూరు మినుము చేలో ఉంది. మొక్కని పీకొద్దు, వేళ్లకుండే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. వేళ్ల చుట్టూ తవ్వి తీయండి. బుడిపెని గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనబడితే అందులో కాపురముండే రైజోబియం అనే బ్యాక్టీరియా మొక్కకి నత్రజని అందిస్తున్నట్టే, బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుంది. లోపల ఆకుపచ్చగా ఉంటే పని ఆగినట్టు. యూరియా ఎక్కువ పోస్తే బుడిపెలే తగ్గిపోతాయి. నత్రజని ఊరికే దొరుకుతుంటే మొక్క ఇంకొకరిని ఎందుకు మేపుతుంది!