సింగర్ బిల్డింగ్‌కి దాని సన్నదనమే చేటు తెచ్చింది

సింగర్ అనగానే మనకి కుట్టు మిషన్ గుర్తొస్తుంది కదా, ఆ కంపెనీయే 1908లో న్యూయార్క్‌లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన ఆఫీసు బిల్డింగ్ కట్టించింది. బ్రాడ్‌వే, లిబర్టీ స్ట్రీట్ కలిసే మూలమీద 612 అడుగుల టవర్. మరుసటి ఏడాదే మెట్ లైఫ్ టవర్ 700 అడుగులతో దాన్ని దాటేసిందనుకోండి, ఆ రికార్డుల గోల మనకెందుకులెండి.

నాకు ఆసక్తి అంతా దాని ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ ఫ్లాగ్ మీదే. స్థలం ఎంతుంటే అంతా ఆక్రమించి నిలువుగా లేపుకుంటూ పోతే కింద వీధికి వెలుతురు రాదు గాలి రాదు, అందుకని టవర్ అనేది స్థలంలో నాలుగో వంతు దాటకూడదని ఆయన పట్టుబట్టేవాడు. చెప్పినట్టే సింగర్ టవర్‌ని ఒక్కో వైపు 65 అడుగులకే కుదించాడు, కింద మాత్రం వెడల్పాటి మామూలు ఆఫీసు బిల్డింగ్. 1915లో దగ్గర్లోనే ఈక్విటబుల్ బిల్డింగ్ 38 అంతస్తులు గోడలాగా నిటారుగా లేచేసరికి అందరూ గగ్గోలు పెట్టారు, 1916లో సిటీ తెచ్చిన, ఎక్కడ ఎలాంటి బిల్డింగ్ కట్టొచ్చో చెప్పే జోనింగ్ రూల్స్‌లో ఈ నాలుగో వంతు లెక్కే కనిపిస్తుంది.

లాబీ ఫోటోలు దొరికితే తప్పకుండా చూడండి. పాలరాతి స్తంభాలు, వాటికి కంచు అంచులు, పైన పెద్ద పెద్ద కంచు బిళ్ళలు, ఒకదాని మీద కంపెనీ అక్షరాలు ఉంటే ఇంకోదాని మీద సూది, దారం, బాబిన్! కుట్టు మిషన్ వాళ్ళు సిగ్గుపడకుండా తమ సామాన్లనే అలంకారం చేసుకున్నారు, అది నాకు భలే నచ్చింది.

కానీ 65 అడుగుల చదరంలో లిఫ్టులు, మెట్లు పోగా ఆఫీసుకి మిగిలేదెంత చెప్పండి. 1960ల నాటికి కంపెనీలకి విశాలమైన ఫ్లోర్లు కావాలి, సింగర్ వాళ్ళే ఖాళీ చేసి వెళ్ళిపోయారు, స్థలం యు.ఎస్. స్టీల్ చేతికొచ్చింది. న్యూయార్క్‌లోని పాత రైల్వే స్టేషన్ పెన్ స్టేషన్ కూల్చివేత మీద రేగిన గొడవ పుణ్యమా అని 1965లో పాత కట్టడాల్ని కాపాడే చట్టం కూడా వచ్చింది, అయినా ఈ బిల్డింగ్‌కి ఆ రక్షణ ఇవ్వలేదు. 1967లో కూల్చడం మొదలుపెట్టారు. కావాలని కూల్చిన వాటిలో ఇంత ఎత్తైనది అప్పటిదాకా లేదు, ఆ తర్వాత కూడా ఈమధ్య న్యూయార్క్‌లోనే 270 పార్క్ అవెన్యూ అనే ఆఫీసు టవర్‌ని విప్పేదాకా అదే రికార్డు.

ఇప్పుడు అక్కడ వన్ లిబర్టీ ప్లాజా ఉంది, 743 అడుగులు, ఒక్కో ఫ్లోరూ సింగర్ టవర్ ఫ్లోర్‌కి ఎన్నో రెట్లు. తమాషా ఏంటంటే దాన్ని అంత భారీగా కట్టుకోనివ్వడానికి బదులుగా జనానికి ఖాళీ జాగా వదలాలని సిటీతో ఒప్పందం. 2011లో ఆక్యుపై వాల్ స్ట్రీట్ ఉద్యమం వాళ్ళు టెంట్లు వేసుకుని కూర్చున్న జుకాటీ పార్క్ అదే.