పోర్షన్లు లెక్కపెడుతూ పదకొండు నడకలు

మొన్న ఆదివారంతో పదకొండు నడకలయ్యాయి. హైదరాబాద్‌లో ముషీరాబాద్‌కూ కాచిగూడకూ మధ్యనున్న గల్లీలన్నీ ఒక్కసారైనా కాలినడకన తిరగాలని జనవరిలో మొదలుపెట్టాను. పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకున్న మ్యాపులో, నడిచిన వీధి మీద ఎర్ర పెన్సిల్‌తో గీత గీస్తున్నాను. చిక్కడపల్లి, అశోక్‌నగర్, దోమలగూడ దాదాపు పూర్తిగా ఎర్రబడ్డాయి. బాగ్‌లింగంపల్లి సగం మిగిలింది. నల్లకుంటను కావాలనే వెనక్కి జరుపుతూ వచ్చాను. చిన్నప్పుడు మేము అక్కడ తొమ్మిదేళ్లు ఒక పోర్షన్‌లో అద్దెకున్నాం.

పోర్షన్ అంటే ఏమిటో ఈ ఊళ్లో అద్దెకున్న వాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు భాగంలో ఇంటివాళ్లు, పక్క సందులోంచి వెనక్కి వెళితే రెండు గదులూ వంటిల్లూ మాకు, మేడ మీద ఒంటిగది ఉద్యోగం వెతుక్కునే కుర్రాళ్లకు. నల్లా మాత్రం అందరికీ ఒకటే. నీళ్లొచ్చే రోజు తెల్లవారుజామున బిందెల వరసలోనే అందరి సంగతులూ అందరికీ తెలిసేవి.

మొదటి మూడు నడకల్లో కనిపించిన ప్రతి పాత ఇంటికీ ఫొటో తీశాను. ఇనుప గ్రిల్లులు, రంగు అద్దాల కిటికీలు, గేటు స్తంభం మీద చెక్కిన ఇంటి పేర్లు. తీరా చూసుకుంటే అన్నీ అందంగానే ఉన్నాయి, కానీ అక్కడ ఎవరుండేవారో, ఎవరు వెళ్లిపోయారో ఒక్క ఫొటో కూడా చెప్పలేదు. నాలుగో నడక నుంచి పద్ధతి మార్చాను. ఇప్పుడు కరెంటు మీటర్లు లెక్కపెడుతున్నాను. పాత ఇంటి గోడకు నాలుగు మీటర్లుంటే ఆ ఇంట్లో కనీసం మూడు పోర్షన్లు అద్దెకిచ్చారన్నమాట. తాళం పడిన ఇంటి గోడకు మీటర్లు తీసేసిన గుర్తులు కనిపిస్తే, త్వరలో ఆ ఇల్లు కూలుతుందని రాసుకుంటున్నాను. ఇప్పటిదాకా అలా రాసుకున్న వాటిలో రెండు నిజంగానే నేలమట్టమయ్యాయి.

రెండో ఆధారం ఇంటి నంబరు. చిక్కడపల్లి వైపు నంబర్లు ఒకటితో, నల్లకుంటలో రెండుతో, బర్కత్‌పుర, హిమాయత్‌నగర్‌లలో మూడుతో మొదలవుతాయి. మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఆ తర్వాత వచ్చే బై నంబర్లలోనే ఇంటి చరిత్ర ఉంటుంది. స్థలాన్ని అన్నదమ్ములు పంచుకున్నారనో, వెనక భాగం అమ్మేశారనో, ఖాళీ జాగాలో ఇంకో ఇల్లు లేచిందనో అది చెబుతుంది. కొత్త అపార్ట్‌మెంటు పలక మీద రెండు ఇళ్ల నంబర్లు పక్కపక్కనే ఉంటే, రెండు ప్లాట్లు కలిపి కట్టారని అర్థం. అలా ఎందుకు కలుపుతారో తెలుసుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి హైదరాబాద్‌లో లేదు. ప్లాటు ఎంత పెద్దది, ముందున్న రోడ్డు వెడల్పెంత, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నవాటిని బట్టే భవనం ఎత్తు తేలుతుంది. ఇరుగుపొరుగు ఇద్దరూ ఒప్పుకుంటే ఇద్దరికీ లాభమే.

ఇల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చిన వాళ్లను నేను తప్పుపట్టను. ముగ్గురు పిల్లలకు ఒక ఇంటిని పంచడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఫ్లాట్లయితే తలా ఒకటి వస్తుంది, మిగతావి బిల్డరు అమ్ముకుంటాడు. కానీ ఆ ఒప్పందం రాసుకునేటప్పుడు వెనక పోర్షన్‌లో ఉన్నవాళ్ల మాటే రాదు. వాళ్లకు రెండు నెలల గడువు ఇస్తారు, అంతే. మేము అలాగే ఉప్పల్ దాటి బోడుప్పల్ చేరాం.

అశోక్‌నగర్‌లో నేను ఊహించనిది కనిపించింది. చిక్కడపల్లి గ్రంథాలయం చుట్టూ గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున ఆరున్నరకే పుస్తకాల సంచులతో తిరుగుతుంటారు. వాళ్ల కోసం పాత ఇళ్లలో గదులను ప్లైవుడ్ అడ్డాలతో రెండుగా చేసి మంచాల లెక్కన అద్దెకిస్తున్నారు. గాలి ఆడని గదులవి, చూస్తే బాధేసింది. అయినా ఆ అద్దెల వల్లే కొన్ని పాత ఇళ్లు ఇంకా నిలబడి ఉన్నాయని నా అంచనా. నెలనెలా డబ్బు వస్తున్నంత కాలం ఇంటివాళ్లకు బిల్డరుతో పని లేదు.

పోల్చి చూద్దామని ఒక్క నడక మాత్రం హద్దు దాటి కోకాపేటలో నడిచాను. 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన చోటు అది. ఊరి నడిబొడ్డున అరుగులున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటి వెనక ఆకాశం కనిపించనంత ఎత్తులో టవర్లున్నాయి. అక్కడి మార్పు దూరం నుంచే కనిపిస్తుంది కాబట్టి నడిచి తెలుసుకోవాల్సింది తక్కువ. నల్లకుంటలో అయితే ప్రతి గేటు దగ్గరా ఆగాల్సిందే.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే నా అనుభవం ఇది. ఆరింటికల్లా వీధిలో ఉండాలి, తొమ్మిదికి ముగించాలి. ఆ వేళలో పాలవాళ్లు, ముగ్గులు వేసేవాళ్లు, ఇస్త్రీ బండివాళ్లు దొరుకుతారు. ఇస్త్రీ చేసే ఆయనకు తెలియని ఇల్లు ఆ గల్లీలో ఉండదు. నాలుగైదు కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దు. ఆగుతూ నడిస్తే దానికే రెండున్నర గంటలు పడుతుంది. ఆకుపచ్చ మెట్రో లైన్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు ఈ ప్రాంతమంతటికీ సరిపోతాయి. ఒక దాంట్లో దిగి ఇంకో దాంట్లో ఎక్కితే వచ్చిన దారినే తిరిగి నడవనక్కర్లేదు. ఎండాకాలంలో ఇందిరాపార్కు, వీఎస్టీల మధ్య 2023లో తెరిచిన స్టీల్ బ్రిడ్జి కింద నీడ పట్టున నడవచ్చు. ఫుట్‌పాత్ అన్నిచోట్లా ఉంటుందని నమ్మవద్దు. వాన పడిన మర్నాడు నీళ్లు నిలిచిన చోట అడుగు పెట్టకూడదు, కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉండవచ్చు. ఇంటి ముందు ఎవరైనా కూర్చుని ఉంటే, ముందు నమస్కారం పెట్టి తర్వాతే ఫోను బయటికి తీయాలి. అడగకుండా గేటు ఫొటో తీస్తే స్థలాల బ్రోకరనుకుంటారు. నాకు రెండుసార్లు అలాగే జరిగింది.

నడకకు ముందురోజు రాత్రి ఒక పని తప్పక చేస్తాను. మన దేశంలో గూగుల్ స్ట్రీట్ వ్యూ 2022లో వచ్చింది, మొదటి నగరాల్లో హైదరాబాద్ ఒకటి. రేపు నడవబోయే గల్లీని అందులో ఒకసారి చూసి, ఇళ్ల వరసను పుస్తకంలో గీసుకుంటాను. తెల్లారి ఎదురుగా నిలబడి పోల్చుకుంటే, ఈ కొన్నేళ్లలో ఏది పోయిందో తేలిపోతుంది.

మొన్నటిది నల్లకుంట. ఫీవర్ ఆసుపత్రి వైపు నుంచి లోపలికి వచ్చాను. మా గల్లీలో మా కాలంలో పదహారు ఇళ్లుండేవి. వాటిలో ఇప్పుడు మిగిలినవి ఐదు. మా ఇల్లున్న చోట స్టిల్టు మీద ఐదు అంతస్తులు లేచాయి. పార్కింగ్ గోడకు మీటర్లు లెక్కపెడితే పన్నెండు, అందులో ఒకటి లిఫ్టుకూ మోటారుకూ. పదకొండు ఇళ్లన్నమాట. మా రోజుల్లో అక్కడ నాలుగు కుటుంబాలే. ఆ లెక్క చూసి చాలాసేపు నిలబడిపోయాను. మనుషులు తగ్గలేదు, పెరిగారు. గేటుకు వేలాడుతున్న టూలెట్ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేసి, ఊరికే తెలుసుకోవడానికేనని ముందే చెప్పి, అద్దె అడిగాను. అప్పట్లో మా నాన్న చేసినలాంటి ఉద్యోగం ఇప్పుడు చేస్తున్న వాళ్లెవరూ అంత కట్టలేరు.

"ఎవరింటికమ్మా?" అంటూ కార్ల వెనక నుంచి వాచ్‌మన్ భార్య వచ్చింది.

"ఎవరింటికీ కాదమ్మా. ఒకప్పుడు ఇక్కడే ఉండేవాళ్లం, వెనక పోర్షన్‌లో."

ఆమె నన్ను లోపలికి తీసుకెళ్లింది. లిఫ్టు పక్కన, ప్రహరీకి ఆనుకుని వాళ్లది ఒకే గది. గ్యాస్ పొయ్యి, ఒక మంచం, గోడకు వేలాడే బడి సంచి. గోడ మలుపును బట్టి చూస్తే మా వంటిల్లు సరిగ్గా అక్కడే ఉండేది. వాళ్లది వనపర్తి దగ్గర ఒక పల్లె, వచ్చి నాలుగేళ్లయిందట. గదికి అద్దె లేదు, బదులుగా భార్యాభర్తలిద్దరూ రాత్రింబవళ్లు భవనానికి కాపలా. నేను లెక్కపెట్టిన పన్నెండు మీటర్లలో వాళ్ల పేరున ఒక్కటీ లేదు. నా పుస్తకంలో ఆ గదికి కొత్త గడి ఒకటి గీసుకున్నాను. ఇదివరకు నడిచిన వీధుల్లో ఇలాంటి గదులను నేను అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఎర్ర గీతలు పడిన చోట్లకు మళ్లీ వెళ్లాలి.

ఇంటికి వచ్చి చెబితే, ఈసారి తానూ వస్తానంది అమ్మ. మోకాళ్ల నొప్పులు కాబట్టి కిలోమీటరుకు మించకుండా, మధ్యలో శంకరమఠంలో కాసేపు కూర్చునేలా దారి గీస్తున్నాను. వాచ్‌మన్ భార్యకు ఫోన్ చేసి ఆదివారం ఏడింటికి వస్తామని చెప్పాను. పిల్లవాడు లేచే వేళ, కాస్త ఆలస్యంగా ఎనిమిదింటికి రమ్మంది.