ఎల్బర్ట్ శిఖరం ఎక్కాలంటే మధ్యాహ్నం నుంచి వెనక్కి లెక్క వేయండి

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 14 వేల అడుగులు దాటిన శిఖరాలు యాభైకి పైనే ఉన్నాయి. అన్నిటికంటే ఎత్తైనది మౌంట్ ఎల్బర్ట్, 14,440 అడుగులు. మొత్తం రాకీ పర్వతాల్లోనే దీన్ని మించింది లేదు. తాడు కట్టుకుని ఎక్కాల్సిన చోటు దారిలో ఎక్కడా ఉండదు. అందుకే డాలస్ నుంచో హ్యూస్టన్ నుంచో వచ్చే మనవాళ్లు వేసవి సెలవుల్లో ముందుగా దీన్నే ఎంచుకుంటారు. నడిచే కొండే, నిజమే. ఆ నడకకి గాలి ఎంత దొరుకుతుంది, ఎన్నింటికల్లా దిగిపోవాలి అనేదే అసలు సమస్య.

లెడ్‌విల్ ఊరికి నైరుతిగా, హాఫ్‌మూన్ మట్టిరోడ్డు మీద ఉన్న ఉత్తరపు ట్రెయిల్‌హెడ్, అంటే నడకదారి మొదలయ్యే చోటు, నుంచి బయల్దేరితే రానూపోనూ దాదాపు తొమ్మిదిన్నర మైళ్లు. ఎక్కుడు సుమారు 4,500 అడుగులు. అలిపిరి నుంచి తిరుమల మెట్లదారికి దాదాపు రెట్టింపు ఎక్కుడు అనుకోండి. పైగా ఇక్కడ మొదటి అడుగే పదివేల అడుగుల ఎత్తులో పడుతుంది. మెట్లు గంటన్నరలో ఎక్కేశాం కాబట్టి ఇదీ ఎక్కేస్తాం అనే ధీమా ఇక్కడ పనికిరాదు. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతమే. ఊపిరి పీల్చిన ప్రతిసారీ లోపలికి వెళ్లే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గిపోతుంది.

ముందు గడియారం సంగతి. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ పొద్దున ఆకాశం తేటగా ఉండి, పదకొండు దాటాక మబ్బు కమ్మి, మధ్యాహ్నానికి ఉరుములు మొదలవడం మామూలే. ట్రీలైన్, అంటే చెట్లు ఆగిపోయే ఎత్తు, 12 వేల అడుగుల దగ్గర. దానిపైన శిఖరం వరకూ బోడి గట్టే, తలదాచుకునే చోటు లేదు. కాబట్టి పన్నెండు గంటలకి శిఖరం మీద ఉంటే చాలు అనుకోకూడదు, అప్పటికి మళ్లీ చెట్లలోకి దిగిపోయి ఉండాలి.

ఎంతసేపు పడుతుందో తేల్చడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ పనిచేస్తుంది: మూడు మైళ్లకి ఒక గంట, ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకి ఇంకో గంట. ఆ లెక్కన ఎల్బర్ట్‌కి ఐదున్నర గంటలు చాలు. కానీ అది ఎత్తైన ప్రదేశాల కోసం చెప్పింది కాదు. మైదానం నుంచి వచ్చినవాళ్లు దాన్ని ఒకటిన్నరతో హెచ్చించి ఎనిమిది గంటలు పెట్టుకోవాలి: ఎక్కడానికి ఐదు, దిగడానికి మూడు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే తొమ్మిదికి శిఖరం, పదిన్నర పదకొండు మధ్య చెట్లలోకి, పన్నెండుకి కారు దగ్గరికి. సూర్యోదయం ఆరింటికి కాస్త అటూఇటూగా కాబట్టి మొదటి గంటన్నర హెడ్‌ల్యాంప్ వెలుతుర్లోనే. దానికి కొత్త బ్యాటరీలు వేసుకోండి.

దారిలో ముందుగా గమనించాల్సింది మలుపు. మొదటి మైలు పైచిలుకు కొలరాడో ట్రెయిల్ అనే పొడవాటి నడకదారి మీదే సాగుతుంది. కొంత ఎక్కి, కాస్త దిగాక కుడివైపు ఎల్బర్ట్ దారి చీలుతుంది. చీకట్లో మాటల్లో పడి నేరుగా వెళ్లిపోతే అరగంటో గంటో వృథా. మ్యాప్‌ని ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దింపుకుని, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో లోపలి జేబులో పెట్టండి. చలికి బ్యాటరీ చాలా త్వరగా పడిపోతుంది.

ట్రీలైన్ చేరేసరికి దూరం సగం అయినట్టే ఉంటుంది, ఎక్కుడు మాత్రం దాదాపు 2,000 అడుగులే అయ్యుంటుంది. మిగతా 2,500 అడుగులూ మిగిలిన రెండు మైళ్ల చిల్లరలో ఉన్నాయి. ఇక్కడే వాచీ చూసుకోవాలి. ఆరింటికో ఆరుంబావుకో చేరితే సరిగ్గా ఉన్నట్టు. ఏడు దాటితే ఆ రోజుకి శిఖరం లేదని అక్కడే ఒప్పుకోవడం మంచిది. పదమూడు వేల అడుగులు దాటాక దారి బాగా నిటారుగా ఉంటుంది. పైన కనిపించేదే శిఖరం అనిపిస్తుంది, కాదు. దాని వెనక ఇంకోటి ఉంటుంది. "ఇంకెంత, వచ్చేశాం కదా" అని టైము మరిచిపోయేది ఇక్కడే. పదిన్నరకి ఎక్కడుంటే అక్కణ్నుంచి వెనక్కి అనే నియమం ముందురోజు రాత్రే అందరూ ఒప్పుకుని ఉండాలి. ఆ ఎత్తులో కూర్చుని చర్చ పెడితే తెగదు. ఉరుము వినిపిస్తే మాత్రం పదిన్నర దాకా కూడా ఆగకండి, మనిషికీ మనిషికీ ఎడం పాటిస్తూ వెంటనే దిగండి.

నిటారు దారిలో ఇరవై అడుగులు గబగబా వేసి ఆయాసంతో ఆగిపోవడం కంటే రెస్ట్ స్టెప్ ఎంతో మేలు. ముందు కాలు పైన పెట్టండి, బరువు దానిమీద వేయకండి. వెనక కాలి మోకాలు నిటారుగా బిగించి ఒక్క క్షణం ఆగండి. ఆ క్షణంలో బరువు ఎముక మీద ఉంటుంది, తొడ కండరానికి విశ్రాంతి దొరుకుతుంది. అప్పుడు బరువు ముందుకి మార్చి తర్వాతి అడుగు వేయండి. అడుగుకో శ్వాస. పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నారంటే వేగం ఎక్కువైందన్నమాట. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు పెట్టండి.

ఎత్తుకి అలవాటు పడటానికి దగ్గరిదారి లేదు. శుక్రవారం రాత్రి డెన్వర్‌లో దిగి, శనివారం తెల్లవారుజామునే కొండ ఎక్కే పథకం వేసుకోకండి. గురువారం డెన్వర్‌లో, శుక్ర, శనివారాలు పదివేల అడుగుల లెడ్‌విల్‌లో పడుకుని, మధ్యలో టర్కాయిస్ సరస్సు పక్కన తేలిగ్గా నడిచి, ఆదివారం ఎక్కండి. ఆ రెండు రాత్రులూ మద్యం ముట్టకండి. ఎత్తుకి అలవాటు పడటానికి సాయపడే డయామాక్స్ మాత్ర గురించి బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడకపోతే తప్పక చెప్పండి. తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి వెళ్లొద్దు. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే దింపేయాలి, ఒంటరిగా పంపకూడదు.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు. అడవి దాటాక దారిలో నీళ్లు దొరుకుతాయనుకోకండి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, అయినా గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాల్సిందే. ఖర్జూరం, సున్నుండ, వేరుశనగ వెన్న రాసిన చపాతీ చుట్ట బాగా వెళ్తాయి. పులిహోర వద్దు, వికారంగా ఉన్న కడుపుకి ఆ పులుపు పడదు. జీన్స్, కాటన్ హుడీ కూడా వద్దు. చెమటకి తడిసిన కాటన్ ఆరదు, గాలి తగలగానే వణుకు పుడుతుంది. ట్రెయిల్‌హెడ్ కంటే శిఖరం మీద మామూలుగా ఎనిమిది తొమ్మిది డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉంటుంది, గాలి అదనం. పాలియెస్టర్ లేదా ఉన్ని లోచొక్కా, ఫ్లీస్, వాన జాకెట్, గ్లౌజులు, చెవులు మూసే టోపీ చాలు. ఎండ కూడా తీవ్రమే, సన్‌స్క్రీన్ చెవులకీ మెడకీ కూడా రాయండి.

గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. దిగేటప్పుడు బొటనవేలు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోరు నల్లబడేది పొడుగు గోళ్ల వల్లా, వదులు లేసుల వల్లా. శిఖరం మీదే లేసులు చీలమండ దగ్గర బిగించి, ట్రెక్కింగ్ పోల్స్ ఐదారు సెంటీమీటర్లు పొడుగు చేసుకోండి. గట్టినేల మీద పరుచుకున్న సన్నరాళ్లు జారుతాయి. ఎక్కువమంది పడేది దిగుతున్నప్పుడే.

తిరుగు విమానం సోమవారం రాత్రికి పెట్టుకోండి. నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో ఊరి పేరు కాకుండా మ్యాప్ మీద శిఖరాన్నే నొక్కి చూస్తే ఆ ఎత్తుకి సంబంధించిన సూచన వస్తుంది. ఆదివారం పొద్దున్నే పిడుగులు చూపిస్తే సోమవారానికి మార్చుకోవచ్చు. దిగిన వెంటనే డెన్వర్‌కి కారు తీయకండి. రెండింటికి లేచి ఎనిమిది గంటలు నడిచినవాళ్లు 11,318 అడుగుల ఫ్రీమాంట్ పాస్ మీదుగా రెండు గంటలు నడపాలి. నడిపేవాళ్లు ముందు లెడ్‌విల్‌లో తిని గంటసేపు పడుకోవాలి.