ఎదుటి కుర్చీలో ఎవరున్నారు: బిల్ మార్ గురించి మా వాదన

బిల్ మార్ అనే అమెరికన్ హాస్యకారుడి గురించి తిరుపతిలో కూర్చుని అంతగా వాదించుకోవలసిన పని ఏముందని మా ఇంట్లోనే కొందరు అడిగారు. పని ఉందనే నా సమాధానం. మా బాలాజీ కాలనీలో పిల్లలో, అన్నదమ్ముల పిల్లలో అమెరికాలో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడి రాజకీయం వీసాల రూపంలో, ఉద్యోగాల రూపంలో మన వంటింటి దాకా వస్తూనే ఉంటుంది. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఆ రాజకీయాన్ని ప్రతి శుక్రవారం రాత్రి ఈయన నోట వింటాడు. మరునాటికి ఆ కార్యక్రమంలోని ముక్కలు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఉంటాయి. వాటిని నేను సాయంత్రం ప్రకాశం పార్కుకు నడకకు వచ్చే మిత్రులకు చూపిస్తాను. ఇంతటి ధైర్యశాలి మరొకరు లేరని ఒకరంటారు, ఇంతటి అహంకారి మరొకరు లేరని ఇంకొకరంటారు. ఇద్దరూ ఆయన అభిప్రాయాలను తూకం వేస్తున్నారు గానీ, ఆయన ఎదుట కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూడటం లేదని నా ఫిర్యాదు.

ఆయన సంగతి తెలియనివారికి నాలుగు మాటలు. 1956లో పుట్టిన బిల్ మార్ తండ్రి కేథలిక్కు, తల్లి యూదు. 1993లో కామెడీ సెంట్రల్ ఛానెల్లో 'పొలిటికల్లీ ఇన్‌కరెక్ట్' అనే చర్చా కార్యక్రమం మొదలుపెట్టారు. 1997లో అది ఏబీసీకి మారింది. 2003 ఫిబ్రవరి నుంచి హెచ్‌బీఓలో 'రియల్ టైమ్' నడుపుతున్నారు. మొదట ఆ వారం వార్తల మీద జోకులు, తర్వాత ఒక అతిథితో ముఖాముఖి, ఆపైన ఇద్దరు ముగ్గురితో బల్ల చుట్టూ చర్చ, చివరగా 'న్యూ రూల్స్' పేరుతో ఆయన ఒక్కరే చేసే ప్రసంగం, ఇదీ దాని వరస. 2012లో ఒబామాకు మద్దతుగా పనిచేసే సంస్థకు పది లక్షల డాలర్లు ఇచ్చిన మనిషి ఆయన. అయినా ఇప్పుడు ఆయనను ఎక్కువగా తిట్టేది ఆ వర్గంవారే.

ఏబీసీ కార్యక్రమం ఎలా పోయిందో తెలిస్తేనే ఈ మనిషి అర్థమవుతారు. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన ఆరో రోజున, అంటే 17వ తేదీన, ఆయన కార్యక్రమానికి వచ్చిన దినేశ్ డిసౌజా (ముంబయిలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సంప్రదాయవాద రచయిత) దాడి చేసినవాళ్లను పిరికివాళ్లనడం సరికాదన్నారు. బిల్ మార్ ఆ మాటను అందుకుని, రెండు వేల మైళ్ల దూరం నుంచి క్షిపణులు వదులుతున్న మనమే పిరికివాళ్లమని, విమానం భవనాన్ని ఢీకొనేదాకా అందులోనే ఉన్నవాణ్ణి మరేమైనా అనవచ్చు గానీ పిరికివాడని మాత్రం అనలేమని అన్నారు. ఫెడెక్స్, సియర్స్ వంటి సంస్థలు తమ ప్రకటనలను ఉపసంహరించుకున్నాయి. అధ్యక్ష భవనం ప్రతినిధి ఆరి ఫ్లైషర్, అమెరికన్లు తాము ఏం మాట్లాడుతున్నారో, ఏం చేస్తున్నారో చూసుకోవాలని హెచ్చరించారు. తాను సైనికులను ఉద్దేశించి అనలేదని బిల్ మార్ వివరణ ఇచ్చి క్షమాపణ చెప్పినా, 2002లో ఆ కార్యక్రమానికి తెర పడింది. శిథిలాల కింద ఇంకా శవాలను వెతుకుతున్న రోజుల్లో ఆ మాట అనడం క్రూరమని నేను నమ్ముతున్నాను. దాడి ఎంత నీచమైనదైనా దాన్ని చేసినవాణ్ణి సరిగ్గా అర్థం చేసుకోవాలన్న ఆలోచన మాత్రం తప్పు కాదని కూడా నమ్ముతున్నాను. మొదట ఆ మాట ఎత్తింది అతిథి. దెబ్బ తిన్నది ఆతిథ్యం ఇచ్చినవారు.

ప్రకటనల మీద బతికే ఛానెల్లో ఆ మాట నిలవలేదు. చందాదారుల డబ్బుతో నడిచే హెచ్‌బీఓలో అంతకంటె ఘాటైన మాటలు ఇరవై ఏళ్లకు పైగా నిలుస్తున్నాయి. ధైర్యం గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ సంగతి మరచిపోతాం. బిల్ మార్ తర్వాత ఏబీసీలో ఆ రాత్రి వేళకు వచ్చిన జిమ్మీ కిమ్మెల్ కార్యక్రమాన్ని 2025లో అదే సెప్టెంబరు 17న, ట్రంప్ మద్దతుదారైన రాజకీయ కార్యకర్త చార్లీ కర్క్ హత్య నేపథ్యంలో ఆయన చేసిన వ్యాఖ్యల కారణంగా నిలిపివేశారు. వారం తిరగకుండానే మళ్లీ ప్రసారం చేయక తప్పలేదు. హాస్యకారుడి నాలుకకు ఎంత స్వేచ్ఛ ఉందో నిర్ణయించేది అతని గుండె ఒక్కటే కాదు, అతని జీతం ఎవరి జేబులోంచి వస్తున్నదనేది కూడా.

రాజకీయం, హాస్యం ఒకే వేదిక మీద ఉండటం మనకు కొత్త కాదు. బుర్రకథలో తంబుర పట్టిన కథకుడికి అటు ఇటు నిలబడే ఇద్దరు వంతలలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. 1940లలో షేక్ నాజర్, ప్రజానాట్యమండలి కళాకారులు ఈ కళను ఊరూరా తిప్పింది అందుకే. చంద్రగిరి వైపు మా ఊళ్లో ఒకసారి రాజకీయ వంత గుమ్మెట మీద దరువు ఆపి, ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూర్చున్న సర్పంచి వైపు తిరిగి, ఊరి చెరువు కట్టకు గండి పడి ఎన్ని వానలు దాటాయని అడిగాడు. జనం గొల్లుమన్నారు. సర్పంచి లేచి వెళ్లిపోలేదు. కుర్చీలోంచే, కట్టకు మట్టి తోలించడానికి ఎవరెవరు అడ్డుపడ్డారో పేర్లతో సహా చెప్పాడు. అందులో నవ్విన జనంలోని వాళ్లూ ఉన్నారు. వంత ఆ జవాబును కూడా అందుకుని కథలో కలిపేశాడు. ఆ రాత్రి కథ ఏమిటో నాకు గుర్తు లేదు గానీ, ఆ ప్రశ్నా జవాబులు గుర్తున్నాయి. అడిగినవాడు అడగగలిగాడు, అనిపించుకున్నవాడు అదే చోట బదులు చెప్పగలిగాడు. బిల్ మార్‌ను నేను కొలిచేది ఈ కొలతతోనే.

2014 అక్టోబరు నాటి చర్చ చూడండి. రచయిత శామ్ హారిస్‌తో కలిసి ఆయన ఇస్లాం గురించి చాలా కటువుగా మాట్లాడారు. అదే బల్ల దగ్గర కూర్చున్న నటుడు బెన్ ఆఫ్లెక్ ఆ మాటలు అసహ్యంగా, జాత్యహంకారంగా ఉన్నాయని ముఖం మీదే అన్నారు. పాత్రికేయుడు నికొలస్ క్రిస్టాఫ్ కూడా ఆఫ్లెక్ వైపే మాట్లాడారు. ఆ చర్చలో ఒకరి వాక్యం పూర్తి కాకుండానే ఇంకొకరి వాక్యం మొదలవుతుంది. ఎవరూ గెలవలేదు. మతాన్ని విమర్శించడం వేరు, ఆ మతంలో పుట్టిన కోట్లాది మంది మీద ముద్ర వేయడం వేరు అన్న తేడా మాత్రం, ఏ పాఠంలోనూ కనిపించనంత స్పష్టంగా ఆ కొద్ది నిమిషాల్లో కనిపించింది. నా మటుకు నేను ఆ విషయంలో ఆఫ్లెక్ పక్షం. అయినా ఆ చర్చ జరగడానికి చోటు ఇచ్చింది బిల్ మారే కదా.

మా పార్కు మిత్రులలో బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. బిల్ మార్ అంటే ఆయనకు ప్రాణం. "పరాయి మతం గురించి ఇంత కుండబద్దలు కొట్టినట్టు చెప్పేవాడు ఎవడున్నాడు సార్?" అంటారు. 2008లో మతాలను వెక్కిరిస్తూ బిల్ మార్ చేసిన డాక్యుమెంటరీ కూడా ఆయన చూశారు. అందులో క్రైస్తవం, ఇస్లాం, యూదుమతం ఉన్నాయి. మన జోలికి అది రాలేదు. వచ్చి ఉంటే ఏం చేసేవారని నేను అడిగాను. కొండ మీదికి తలనీలాలు ఇవ్వడానికి వచ్చే పసిపిల్లల గురించో, హుండీ గురించో బిల్ మార్ అదే గొంతుతో అదే నవ్వుతో మాట్లాడి ఉంటే, అలిపిరి మెట్లెక్కే మనం ఇలాగే చప్పట్లు కొట్టేవాళ్లమా? ఆ పెద్దమనిషి వెంటనే జవాబు చెప్పలేదు. నేను శ్రీవారి భక్తుణ్ణి. ఆ మాటలు నాకు నొప్పి కలిగిస్తాయని ఒప్పుకుంటాను. ఆ నొప్పిని భరించడానికి సిద్ధంగా లేనప్పుడు ఇతరుల నొప్పి చూసి నవ్వే హక్కు నాకు లేదని కూడా అంతే గట్టిగా అంటాను. మన రాజ్యాంగం 19వ అధికరణం మొదట మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చి, ఆ తర్వాతే దానికి హద్దులు చెప్పింది. మనం మాత్రం మన వంతు వచ్చేసరికి ముందు హద్దులను గుర్తు చేసుకుంటాం.

ఆయన చేసిన తప్పుల్లో నాకు అన్నిటికంటె విలువైనదిగా కనిపించేది 2017 జూన్ నాటిది. సెనేటర్ బెన్ శాస్‌తో మాట్లాడుతూ, నల్లజాతివారిని బానిసలుగా చేసి వాడిన తిట్టును తన మీదే ప్రయోగించుకుంటూ జోకు వేశారు. హెచ్‌బీఓ ఆ మాటను ఖండించింది, ఆయన క్షమాపణ చెప్పారు. ఇంతవరకూ ఎక్కడైనా జరిగేదే. తర్వాతి వారం ఆయన అదే వేదిక మీదికి నల్లజాతివారే అయిన ఆచార్యుడు మైకేల్ ఎరిక్ డైసన్‌ను, ర్యాప్ గాయకుడు ఐస్ క్యూబ్‌ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఆ మాట ఒకప్పుడు తమ మీదికి కత్తిలా వచ్చిందని, దాన్ని తాము లాక్కుని తమది చేసుకున్నామని, ఇక తిరిగి ఇచ్చేది లేదని ఐస్ క్యూబ్ ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పారు. బిల్ మార్ మధ్యలో తనను తాను సమర్థించుకోవడానికి కొంత పెనుగులాడారు. అది చూడటానికి ఇబ్బందిగా ఉంటుంది. తన స్టూడియోలో, తన ప్రేక్షకుల ముందు, తన పేరున్న కార్యక్రమంలో చీవాట్లు తినడానికి కుర్చీ వేసి పిలిచిన వ్యాఖ్యాతలు మన టీవీల్లో ఎందరున్నారో ఆలోచించండి. మన చర్చా కార్యక్రమాల్లో వ్యాఖ్యాత తప్పు చేయగా నేను చూడలేదు. తప్పంతా ఎప్పుడూ అతిథులదే.

ఇక నేను ఆయనను సమర్థించలేని చోటికి వస్తాను. 2009లో స్వైన్ ఫ్లూ ప్రబలినప్పుడు, దాని టీకా వేయించుకునేవాళ్లు మూర్ఖులన్న అర్థంలో ఆయన ట్విట్టర్‌లో రాశారు. సర్జన్‌గా పనిచేసిన మాజీ సెనేటర్ బిల్ ఫ్రిస్ట్ ఆయన కార్యక్రమానికే వచ్చి వాదించినా, ఆయన పట్టు వదలలేదు. మా చెల్లెలు నర్సుగా పనిచేసి రిటైరైంది. 2021లో టీకా వేయించుకోమని బతిమాలితే వాట్సాప్‌లో వచ్చిన జోకులు చూపించి నవ్వినవాళ్లను ఆమె ఎరుగును. "అన్నా, మంత్రిని వెక్కిరిస్తే మంత్రికి పోయేదేముంది? టీకాను వెక్కిరిస్తే ముసలివాళ్ల ప్రాణాలు పోతాయి. రెండూ హాస్యమే అంటే ఎట్లా?" అని ఆమె అడుగుతుంది. నాకు ఆమె మాటే న్యాయంగా తోస్తుంది. అధికారాన్ని ఎగతాళి చేయడానికి ఉన్న చనువును వైద్యం తెలియకుండా వైద్యం చెప్పడానికి వాడుకోవడం, నిలదీస్తే నేను జోకులవాణ్ణే కదా అన్న నీడలోకి జరగడం నాకు సమ్మతం కాదు. వ్యాధి వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుని జవాబు చెప్పదు.

మేనల్లుడికీ నాకూ అసలు తగవు 2025లో వచ్చింది. ఆ మార్చి 31న బిల్ మార్ అధ్యక్ష భవనానికి వెళ్లి ట్రంప్‌తో భోజనం చేశారు. 2013లో తన మీద ఒక జోకు వేసినందుకు ఆయన మీద యాభై లక్షల డాలర్లకు దావా వేసి, తర్వాత వెనక్కి తీసుకున్న మనిషి ట్రంప్. గాయకుడు కిడ్ రాక్ ఆ భోజనం కుదిర్చారు. ట్రంప్ తనను ఇన్నేళ్లుగా తిట్టిన తిట్లన్నీ జాబితాగా అచ్చువేయించి బిల్ మార్ పట్టుకెళ్లారు. ట్రంప్ దాని మీద సంతకం చేసి ఇచ్చారు. బిల్ మార్ తిరిగి వచ్చి, ఆ మనిషి ఎదుట కూర్చున్నప్పుడు మర్యాదగా ఉన్నారని, చెప్పింది విన్నారని తన ప్రేక్షకులతో అన్నారు. హాస్యకారుడు లారీ డేవిడ్, హిట్లర్‌తో భోంచేసి వచ్చిన ఒకడు హిట్లర్‌ను మెచ్చుకుంటున్నట్టుగా న్యూయార్క్ టైమ్స్‌లో వ్యంగ్య రచన చేసి గట్టిగా జవాబిచ్చారు.

"మామా, శత్రువుతో మాట్లాడకపోతే రాజకీయం ఎట్లా సాగుతుంది? మీరే కదా ఎదుటి కుర్చీ అంటారు?" అని మేనల్లుడు ఫోనులో నా మాటే నాకు అప్పజెప్పాడు. వెళ్లడం తప్పని నేను అనలేదు. ఆ భోజనాల బల్ల దగ్గర కెమెరా లేదు, ప్రేక్షకులు లేరు, ఆయన అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబును సరిచూసే మూడోమనిషి లేడు. స్టూడియోలో సెనేటరు నవ్వుతూ కరచాలనం చేస్తే, ఆ నవ్వును పక్కన పెట్టి అతను వేసిన ఓటు గురించి అడిగే మనిషి, ఇక్కడ అతిథి మర్యాదనే వార్తగా మోసుకొచ్చారు. మన జిల్లాలోనూ పెళ్లిళ్లలో ఎదురుపడి ఎంతో ఆప్యాయంగా భుజం తట్టే నాయకులు ఉన్నారు. ఊరి రోడ్డు గురించి అడగాలంటే ఆ ఆప్యాయతే మన నోటికి అడ్డం పడుతుంది. మేనల్లుడు ఈ మాట ఒప్పుకోలేదు. ఆ విందు తర్వాత కూడా బిల్ మార్ ట్రంప్‌ను విమర్శిస్తూనే ఉన్నారని, కిమ్మెల్‌ను ఆపినప్పుడు ఆయన పక్షాన మాట్లాడారని గుర్తు చేశాడు. అది నిజమే. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ముక్కలు కాకుండా 2017 జూన్ నాటి ఆ భాగాన్ని, విందు గురించి చెప్పిన 2025 ఏప్రిల్ భాగాన్ని పూర్తిగా, ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని చూద్దామని వాడికి చెప్పాను. పార్కు మిత్రుడిని, మా చెల్లెలిని కూడా పిలుస్తున్నాను.